పేరు సగము తెలిసిన ఫైలును వెదకుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రంథాలయమున ఎన్ని పుస్తకములున్నవి అను ప్రశ్న కంటె, అడిగిన పుస్తకము ఎంత త్వరగా పాఠకుని చేతికి వచ్చును అను ప్రశ్న పెద్దది. బీరువాలో ఉండియు కంటబడని పుస్తకము లేని పుస్తకముతో సమానమే. భారతదేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన షియాలి రామామృత రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది, పాఠకుని కాలమును ఆదా చేయవలెనని చెప్పుచున్నది.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దలు ఈ సంగతి నెరిగినవారే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి జీవితమును ధారపోసిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో ఈ గుంటూరు సీమలోనే, పెదపాలెమున, పాతూరి నాగభూషణము గారి పూనికతో పుస్తకములను పడవ మీద పెట్టి కాలువ యొడ్డు గ్రామములకు చేర్చిరి. ఆనాటి చిక్కు దూరము. పుస్తకమొకచోట, పాఠకుడొకచోట. నేటి చిక్కు వేరు. పాఠకుడు వెదకు వస్తువు అతని యెదుటనున్న కంప్యూటరు పెట్టెలోనే యుండును, ఐనను కానరాదు. కారణము, దానికి పెట్టిన పేరొకటి, అతడు తలచిన పేరొకటి. ఈ చిక్కును విడదీయుటకు రెండు చిన్న గుర్తులు కలవు. ఒకటి నక్షత్రపు గుర్తు (*). రెండవది ప్రశ్న గుర్తు (?). వానిని గూర్చియే ఈ ప్రసంగము.

కంప్యూటరులో దాచిన ప్రతి వస్తువునకు ఫైలు అని పేరు. ఉత్తరము ఒక ఫైలు, ఛాయాచిత్రము ఒక ఫైలు, చందాదారుల జాబితా ఒక ఫైలు, స్కాను చేసిన పాత పుస్తకము ఒక ఫైలు. ఇందులో స్కాను చేసిన పుస్తకము సంగతి జాగ్రత్తగా గ్రహింపదగినది. మనుష్యుని కంటికి అది పుస్తకము; యంత్రమునకు అది కేవలము బొమ్మ. అక్షరములను గుర్తించు ఓసీఆర్ అను ప్రత్యేక ప్రక్రియ జరిపిననే గాని, ఆ బొమ్మలో ‘మిరప’ అను మాట ఉన్నదో లేదో యంత్రము చెప్పజాలదు. అట్టి పుస్తకమునకు ఫైలు పేరొక్కటే తలుపు. ఆ పేరు సరిగా తెలియనిచో తలుపు మూసికొన్నట్లే. ఛాయాచిత్రముల గతియు ఇంతే.

పేరు పూర్తిగా తెలియనిచో ఏమి చేయవలెను? తెలిసినంతవరకు వ్రాసి, తెలియనిచోట గుర్తు పెట్టవలెను. ఇది తెలుగువారికి కొత్త పని కాదు. తాళపత్ర గ్రంథములలో పురుగు తిన్న చోటును గాని, ఆకు విరిగిన చోటును గాని పండితులు గ్రంథపాతమందురు. ప్రతి వ్రాయువాడు అచ్చట తనకు తోచినది కల్పింపక చోటు విడిచిపెట్టుట మర్యాద. పోయినది పద్యభాగమైనచో ఛందస్సును బట్టి ఎన్ని యక్షరములు లోపించినవో లెక్క తేలును. వచనభాగమైనచో ఆ లెక్క తేలదు. కంప్యూటరు గుర్తులు రెండును సరిగా ఈ రెండు స్థితులకు చెందినవే. లోపించినది ఒక్క అక్షరమని తెలిసినచో ప్రశ్న గుర్తు. రెండని తెలిసినచో రెండు ప్రశ్న గుర్తులు. ఎన్ని యక్షరములో తెలియనిచో నక్షత్రము. నక్షత్రము ఒక అక్షరమునకు బదులు నిలుచును, నూరక్షరములకును నిలుచును, అసలేమియు లేకపోయినను నిలుచును.

ఈ గుర్తులను ఇంగ్లీషువారు వైల్డుకార్డులందురు. ఆ మాట పేకాటనుండి వచ్చినది. రమ్మీ ఆటలో జోకరు తనకు తానుగా ఏ ముక్కయు కాదు. ఏ ముక్క లోపించిన ఆ ముక్క స్థానమున నిలుచును. గ్రంథాలయ మంటపమున పేకాట ప్రసక్తి తగదని పెద్దలు కోపగింపకుందురు గాక! ఉపమానము సులభముగా బోధపడుట కొరకే ఇది చెప్పుట.

ఇక ఉదాహరణములు. గ్రంథాలయ వార్షికోత్సవపు చిత్రములను సంవత్సరమువారీగా ‘వార్షికోత్సవం_2012’, ‘వార్షికోత్సవం_2017’ అను తీరున దాచిరనుకొందురు గాక. ‘వార్షికోత్సవం_201?’ అని వెదకినచో 2010 మొదలు 2019 వరకు గల ఫైళ్ళు మాత్రమే వచ్చును. ‘వార్షికోత్సవం_20??’ అనినచో ఈ శతాబ్దపు ఫైళ్ళన్నియు వచ్చును. సంవత్సరము తరువాత ‘సభ’, ‘బహుమతులు’ వంటి మాటలేమైన ఉండవచ్చుననిపించినచో చివర నక్షత్రము చేర్చి ‘వార్షికోత్సవం_20??*’ అని వ్రాయవలెను.

గుంటూరు సమీపమున లాం ఫారమున మిరప వంగడములపై పరిశోధన చిరకాలముగా జరుగుచున్నది. అచ్చట రూపొందినవానిలో ఎల్‌సీఏ-334, ఎల్‌సీఏ-353, ఎల్‌సీఏ-625 అనునవి రైతులెరిగిన పేర్లు. వ్యవసాయ కరపత్రములను ఈ పేర్లతో దాచినచో ‘ఎల్‌సీఏ-???*’ అని వెదకగా మూడంకెలు గల వంగడముల కరపత్రములన్నియు ఒక్కమారు వరుసగా నిలుచును. ‘ఎల్‌సీఏ-3*’ అనినచో 334, 353 వచ్చును; 625 రాదు. రైతునకు అంకె పూర్తిగా గుర్తు లేకున్నను, మొదటి అంకె మూడని తెలిసిన చాలును.

ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చు కొన్ని అక్షరములు ఫైలు జాతిని తెలుపును. ‘*.పీడీఎఫ్’ అని వెదకినచో, పేర్లతో నిమిత్తము లేక, ఆ జాతి ఫైళ్ళన్నియు వచ్చును. ఈ తోకలను ఇంగ్లీషు అక్షరములలో టైపు చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఛాయాచిత్రముల తోకను కొన్ని యంత్రములు మూడక్షరములతో ‘జేపీజీ’ అనియు, కొన్ని నాలుగక్షరములతో ‘జేపీఈజీ’ అనియు వ్రాయును. నడుమ నక్షత్రముంచి ‘*.జేపీ*జీ’ అనినచో రెండును దొరకును.

ఇంతవరకు ఏ భాషకైనను చెల్లును. తెలుగు పేర్ల దగ్గర వచ్చు చిక్కులు వేరు. గ్రామ గ్రంథాలయములు ముఖ్యముగా తెలిసికొనవలసినవి అవియే.

మొదటి చిక్కు ఒకే మాటను పలువురు పలు విధములుగా వ్రాయుట. ఈ నల్లరేగడి సీమలో పండు పంటనే తీసికొందము అనుకొన్నచో, ఒకరు ప్రత్తి యందురు, ఒకరు పత్తి యందురు. రెండును ఒప్పే. కాని యంత్రమునకు అవి రెండు వేరు మాటలు. ‘పత్తి’ అని వెదకువానికి ‘ప్రత్తి సాగు’ అను ఫైలు కనబడదు. ‘ప*త్తి*’ అని వ్రాసినచో రెండును వచ్చును. అట్లే మిరపను కొందరు మిర్చి యందురు. ‘మిరప*’ అని వెదకినచో మిరపకాయ, మిరపతోట వచ్చును గాని మిర్చి రాదు. ‘మిర*’ అనినచో మిర్చియు వచ్చును. ‘ఫోటో’ అని దీర్ఘముతో ఒకరు, ‘ఫొటో’ అని హ్రస్వముతో ఒకరు వ్రాయుదురు. ‘ఫ*టో*’ రెండింటిని పట్టును. తుదకు గ్రంథాలయమను మాటయే తీసికొన్నను, కొందరు ‘గ్రంథాలయం’ అని, కొందరు ‘గ్రంథాలయము’ అని, తొందరలో కొందరు థకారమునకు ధకారము వేసి ‘గ్రంధాలయం’ అని వ్రాయుదురు. ‘గ్రం*లయ*’ అను ఒక్క నమూనా వీనినన్నిటిని, వీనితోపాటు ‘గ్రంథ నిలయం’ అను పేరును గూడ, తెచ్చి ముందుంచును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వల కన్ను పెద్దదైన కొలది చేపలు జారిపోవును. వల వెడల్పైన కొలది చేపలతో పాటు నాచును వచ్చును. ‘మిర*’ అను వలలో మిరపతో పాటు మిరియాలు వచ్చి పడును. ‘ప*త్తి*’ అను వలలో పత్తితో పాటు ప్రవృత్తి, ప్రతిపత్తి వచ్చును. ‘తాడేపల్లి*’ అని వెదకువానికి పశ్చిమ గోదావరి సీమలోని తాడేపల్లిగూడెమును, తాడేపల్లి యను ఇంటిపేరు గల రచయితల పుస్తకములును గూడ కనబడును. అందువలన మొదట వెడల్పుగా వెదకి, వచ్చిన జాబితాను చూచి, పిమ్మట ఇరుకు చేసికొనుచు పోవుట మంచి పద్ధతి. మొదటనే ఇరుకుగా వెదకి ఏమియు రాలేదని ‘ఈ పుస్తకము లేదు’ అని నిశ్చయించుట పెద్ద పొరపాటు. లేదనుటకును, ఆ పేరుతో లేదనుటకును భేదము కలదు.

రెండవ చిక్కు తెలుగు లిపిలోనిది. ‘తాడేపల్లి’ అను మాటలో ఎన్ని యక్షరములని బడిపిల్లవాని నడిగినచో, తా, డే, ప, ల్లి, నాలుగని చెప్పును. అది సరియే. కాని కంప్యూటరు లెక్క వేరు. లోకములోని లిపులన్నిటికి సంకేతములు నిర్ణయించిన యూనికోడు పద్ధతిలో 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండియే తెలుగు లిపికి చోటు కలదు. ఆ పద్ధతిలో హల్లుకొక సంకేతము, గుణింతపు గుర్తుకొక సంకేతము, పొల్లుకొక సంకేతము. తకారము, దీర్ఘము, డకారము, ఏత్వము, పకారము, లకారము, పొల్లు, మరల లకారము, గుడి, వెరసి తొమ్మిది. కావున నాలుగు ప్రశ్న గుర్తులు పెట్టినచో తాడేపల్లి దొరకదు, తొమ్మిది పెట్టవలెను. గుంటూరు చూచుటకు మూడక్షరములు, యంత్రమునకు ఏడు సంకేతములు. మంగళగిరి చూచుటకు అయిదు, యంత్రమునకు ఎనిమిది. ఇన్ని లెక్కలు ఎవరికి జ్ఞాపకముండును? అందుచేత తెలుగు పేర్ల నడుమ ప్రశ్న గుర్తు వాడుట కంటె నక్షత్రము వాడుట క్షేమము. ప్రశ్న గుర్తును అంకెలకు, ఇంగ్లీషు అక్షరములకు దాచుకొనవలెను.

ఈ లెక్క తెలిసికొన్నందువలన లాభమును కలదు. తాడేపల్లిని కొందరు తాడేపల్లె యని వ్రాయుదురు. చివరి గుడిని, ఎత్వమును విడిచి ‘తాడేపల్ల*’ అని వ్రాసినచో రెండును దొరకును. ఏలయన గుణింతపు గుర్తు యంత్రమునకు వేరు సంకేతము గదా! ‘మిర*’ అనగానే మిర్చి దొరకుటకును కారణమిదియే. కంటికి రేఫము కింద చకారపు వత్తు కనబడినను, యంత్రమునకు రకారము, దాని వెంట పొల్లు, ఆ పిమ్మట చకారము. ఇంకొక సూక్ష్మము. ఇంగ్లీషు మాటలను తెలుగున వ్రాయునప్పుడు పొల్లు హల్లును విడిగా నిలుపుటకు కంటికి కనబడని సంకేతమొకటి నడుమ చేర్చుట కలదు. ఒకరు దానిని చేర్చుదురు, ఒకరు చేర్చరు. కొన్ని ఫాంటులలో రెండును ఒకే తీరున కనబడవచ్చును గాని యంత్రము రెండింటిని వేరని తలచును. అట్టిచోట నడుమ నక్షత్రమే శరణ్యము.

అచ్చుశాలలలో చిరకాలముగా వాడుకలోనున్న అను ఫాంటుల వంటివానితో కూర్చిన తెలుగు యూనికోడు తెలుగు కాదు. చూచుటకు తెలుగే యైనను లోపల సంకేతములు వేరు. అట్టి ఫైలు లోపలి మాటలను యూనికోడు తెలుగులో వెదకినచో నక్షత్రములెన్ని పెట్టినను ఫలితము సున్న. కావున అచ్చుశాలనుండి సంచిక ఫైలును తెచ్చుకొనునప్పుడు, దాని పేరునైనను యూనికోడు తెలుగులో సవ్యముగా వ్రాసికొనుట గ్రంథాలయమువారి విధి.

మూడవ చిక్కు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుటలో వచ్చును. ఇది అన్నిటికంటె పెద్దది. తాడేపల్లిని ఇంగ్లీషున వ్రాయుటకు ఒకరు ‘టీ’తో మొదలుపెట్టుదురు; ఒకరు ‘టీ’ పక్క ‘హెచ్’ చేర్చుదురు. చివర ఒకరు ‘ఐ’, ఒకరు ‘వై’, ఒకరు ‘ఈ’ పెట్టుదురు. ఇందులో ఏది వ్రాసియుండునో ఊహించుటకు బదులు ‘టీ’, నక్షత్రము, ‘డీ’, ‘ఈ’, ‘పీ’, మరల నక్షత్రము. ఇట్లు వ్రాసినచో అన్నియు వచ్చును. సాధారణముగ హల్లులు స్థిరముగ నుండును. మారునవి అచ్చులు, ఒత్తులు. కావున హల్లులను నిలిపి, అచ్చులున్నచోట నక్షత్రములుంచుట తెలుగు పేర్లకు అనువైన సూత్రము.

1990 దశకపు తొలినాళ్ళలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున ఉండిన తెలుగు విద్యార్థులు ఈ గందరగోళము పోవలెనని తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుటకు ఒక కట్టుబాటు ఏర్పరచిరి. దానిని ఆర్టీఎస్ అందురు. దూరదేశములలోని తెలుగువారు కంప్యూటరుపై ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనుటకు అది మిక్కిలి తోడ్పడినది. ఆ పద్ధతిలో చిన్న ‘టీ’ తకారమునకు, పెద్ద ‘టీ’ టకారమునకు గుర్తు. ఐతే విండోసు అను వ్యవస్థ ఫైళ్ళ పేర్లను వెదకునప్పుడు పెద్ద యక్షరమునకు, చిన్న యక్షరమునకు భేదము పాటింపదు. యునిక్సు, లినక్సు వ్యవస్థలు పాటించును. కావున ఒకే నమూనా ఒక యంత్రమున తకార టకారములను రెండింటిని తెచ్చును, వేరొక యంత్రమున ఒక్కదానినే తెచ్చును.

ఈ చిక్కు వలన జరుగు నష్టము ఊహ కాదు. చిత్తూరు సీమలోని కాటూరున 1937లో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకములను స్కాను చేయించు మహాకార్యమునకు పూనుకొనిరి. భారతదేశమున ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పేర జరిగినది. హైదరాబాదు, తిరుపతి మొదలగు చోట్ల కేంద్రములు పెట్టి వేలకొలది తెలుగు పుస్తకములను స్కాను చేసిరి. పెక్కు పుస్తకముల ప్రతులు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్ అను బహిరంగ భాండారమునకు చేరినవి. నాశనము కానున్న ఎన్నో పుస్తకములు అట్లు దక్కినవి. కాని వాని పేర్లను పెక్కింటిని ఇంగ్లీషు అక్షరములలో నమోదు చేసిరి. ‘ఆంధ్ర’ యను మాటకు ముందు ఒకచోట ఒక ‘ఏ’, వేరొకచోట రెండు. పుస్తకము దక్కినది, పేరు చెదరినది. తన తాతగారు వ్రాసిన పుస్తకము కొరకు ఒక్క వర్ణక్రమముతో వెదకి, దొరకక, అది నశించినదని తలచు మనుమనికి ఆ స్కాను వలన ప్రయోజనమేమి? వెదకు నేర్పు లేనిచో భద్రపరచిన శ్రమ సగము వ్యర్థమగును.

ఈ గుర్తుల పుట్టుకను గూర్చి రెండు మాటలు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారు నిర్మించిన యునిక్సు వ్యవస్థ యొక్క మొదటి కూర్పు 1971 నాటిది. అందులో నక్షత్రమును, ప్రశ్న గుర్తును చదివి, వానికి సరిపడు ఫైళ్ళ పేర్లను వరుసగా పేర్చి యిచ్చుటకు గ్లాబ్ అను చిన్న కార్యక్రమముండెను. 1981లో వెలువడిన ఎంఎస్-డాస్ వ్యవస్థ వలన ఈ గుర్తులు చిన్న కంప్యూటర్లలో విరివిగా వ్యాపించినవి. ఆ డాసులో ఫైలు పేరు ఎనిమిది యక్షరములకు, తోక మూడక్షరములకు మించరాదు. తాడేపల్లిని ఇంగ్లీషున వ్రాసినచో తొమ్మిది యక్షరములు! ఊరి పేరు సంపూర్ణముగ వ్రాయుటకైనను ఆనాడు చోటు లేకపోయెను. ఎవరికి తోచిన అక్షరమును వారు తెగగొట్టవలసి వచ్చెను. 1995లో వెలువడిన విండోసు 95తో దీర్ఘనామములు సాధ్యమైనవి. ఐనను ఆ పాత ఫైళ్ళు పాత పేర్లతో ఇంకను కొన్ని కార్యాలయముల పెట్టెలలో నుండవచ్చును. వానిని తీయుటకును నక్షత్రమే దారి.

నక్షత్రపు అర్థము అన్నిచోట్ల ఒకటి కాదని గూడ తెలిసికొనవలెను. చందాదారుల జాబితాను ఎక్సెల్ పట్టికలో ఉంచినచో అచ్చటను నక్షత్రము, ప్రశ్న గుర్తు పనిచేయును. నిజముగా నక్షత్రమునే వెదకవలసి వచ్చినచో దానికి ముందు అలగుర్తు (~) ఉంచవలెను. పెద్ద పట్టికలను దాచు డేటాబేసులలో నక్షత్రమునకు బదులు శాతపు గుర్తు (%), ప్రశ్న గుర్తుకు బదులు కిందిగీత (_) వాడుదురు. న్యూజీలాండులోని ఒక గ్రంథాలయము కొరకు పుట్టి 2000లో వాడుకలోనికి వచ్చి, నేడు ఉచితముగా లభించు కోహా అను గ్రంథాలయ కార్యక్రమమున మాట చివర నక్షత్రముంచి వెదకవచ్చును. గూగులులో మాత్రము నక్షత్రము అక్షరములకు బదులు నిలువదు. ఉద్ధరణ చిహ్నముల నడుమ మాటలకు బదులు నిలుచును. ఒకచోట నేర్చినది వేరొకచోట పనిచేయనప్పుడు గుర్తు చెడినదని తలపక, అచ్చటి కట్టుబాటు ఏదియో విచారింపవలెను.

ఇక మిక్కిలి ముఖ్యమైన జాగ్రత్త. వెదకుటకు వాడు గుర్తులే ఫైళ్ళను చెరిపివేయుటకును పనిచేయును. వెదకునప్పుడు వల వెడల్పైనచో కొంత నాచు వచ్చును, అంతియే. చెరుపునప్పుడు వల వెడల్పైనచో ఇరువదియైదేండ్ల చిత్రములు ఒక్క క్షణమున పోవును. ‘*’ అని మాత్రమే వ్రాసి చెరుపుమని ఆజ్ఞాపించినచో ఆ ఫోల్డరులోని ఫైళ్ళన్నియు అని యర్థము. లినక్సు వంటి వ్యవస్థలలో నక్షత్రమునకు, దాని తరువాతి అక్షరములకు నడుమ పొరపాటున ఒక ఖాళీ పడినను, యంత్రము ‘అన్నియు’ అనియే గ్రహించును. సాధారణముగ తిరిగి అడుగదు. ఆజ్ఞల కిటికీ నుండి చెరిపినది చెత్తబుట్టలోనికి గూడ చేరదు. కావున నియమమొక్కటి: ఏ నమూనాతో చెరుపదలచిరో, ఆ నమూనాతోనే మొదట వెదకి, వచ్చిన జాబితాను మొదటి నుండి తుదివరకు చదువవలెను. అందులో పోగూడనిది ఒక్కటి కనబడినను ఆగవలెను. దాచినదాని ప్రతి మరియొకటి వేరొక చోట ఉండవలెనని చెప్పనే యక్కరలేదు.

చివరిగా, వెదకువాని నేర్పు ఎంత యున్నను, పేరు పెట్టువాని శ్రద్ధ లేనిచో ప్రయోజనము స్వల్పము. కెమెరా తనకు తానుగా పెట్టిన అంకెల పేరుతో పడియున్న చిత్రమును ఏ నక్షత్రమును వెలికి తీయజాలదు. ఏలయన తెలిసిన ముక్క ఒక్కటియు అందులో లేదు. అందువలన గ్రామ గ్రంథాలయములు నాలుగు కట్టుబాట్లు చేసికొనుట మేలు. మొదటిది, ప్రతి ఫైలు పేరులో ఊరు, విషయము, సంవత్సరము అను మూడును ఒకే వరుసలో ఉండవలెను. రెండవది, వాని నడుమ కిందిగీత ఉంచవలెను. అప్పుడు ‘తాడేపల్లి_*’ అని వెదకినచో తాడేపల్లిగూడెము దానంతట తొలగిపోవును. మూడవది, సంవత్సరమును నాలుగంకెలతోను, నెలను, తేదీని రెండేసి అంకెలతోను వ్రాయవలెను. ఒకటవ నెలకు ‘1’ అని కాక ‘01’ అని వ్రాసిననే ప్రశ్న గుర్తుల లెక్క సరిపోవును. నాలుగవది, ప్రత్తియో పత్తియో, గ్రంథాలయమో గ్రంథాలయమనుటకు మారుపేరో, ఏది వాడవలెనని ఒకమారు నిర్ణయించి, ఆ పట్టికను బల్లయెదుట గోడకు అంటింపవలెను. నేటి కార్యదర్శి రేపు మారవచ్చును. గోడ మీది కాగితము మిగులును.

ఈ విద్యకు పెద్ద చదువు అక్కరలేదు. తెలిసినది స్పష్టముగ వ్రాయుట, తెలియనిది తెలియదని గుర్తుంచుట, వచ్చిన జాబితాను ఓపికతో చదువుట. ఈ మూడే చాలును. హైస్కూలు విద్యార్థి ఒక్క సాయంకాలమున నేర్చి మరునాడు మరియొకరికి నేర్పగలడు. చదువు రాని రైతు వచ్చి, మూడంకెల మిరప వంగడపు కాగితము కావలెనని, మొదటి అంకె మాత్రము చెప్పినను, ఆ కాగితమును తీసి చదివి వినిపింపగల యువకుడొక్కడు ప్రతి గ్రంథాలయమున ఉండినచో పాఠకుని కాలము ఆదా చేయుమను సూత్రము ఈ గ్రామమున నెరవేరినట్లే. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి, ఈ ఇరువదియైదేండ్ల జ్ఞాపకములు అడిగిన వెంటనే చేతికి వచ్చునట్లు, వాని పేర్లను ఈనాడే సరిచేసికొనుట యుక్తము.